గృహ రిఫ్రిజిరేటరు: అమరిక ఎంపిక, సాధారణ లోపాల గుర్తింపు, నివారణ

సారాంశం

రిఫ్రిజిరేటరు లోపలి భాగమంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుందన్న భావన సర్వసాధారణం. వాస్తవానికి ఒక్కొక్క అరలో ఒక్కొక్క ఉష్ణోగ్రత ఉంటుంది. చల్లదనం ఎక్కడ పుడుతుంది, ఏ దారిలో ప్రయాణిస్తుంది అన్న రెండు విషయాలు తెలిస్తే కుటుంబానికి తగిన అమరికను ఎంచుకోవడం, ఏ పదార్థాన్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించడం, లోపం ఎక్కడుందో ఊహించడం సులభమవుతాయి. గృహవిజ్ఞాన విస్తరణ కార్యక్రమాలలో ఉపయోగపడే రీతిలో ఈ అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

పాలు, కూరగాయలు, వండిన పదార్థాలు చెడిపోకుండా కాపాడుకోవడానికి గ్రామీణ కుటుంబాలు సైతం నేడు ఫ్రిజ్‌పై ఆధారపడుతున్నాయి. అయితే కొనుగోలు సమయంలో తలుపు రంగు, లీటర్ల సామర్థ్యం, ధర తప్ప తక్కిన విషయాలు చర్చకు రావు. లోపం తలెత్తినప్పుడు కూడా “గ్యాస్ అయిపోయింది” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం పరిపాటి. నిజానికి ఫ్రిజ్‌లోని వాయువు వాడకం వలన అరిగిపోయేది కాదు. గొట్టాల వలయంలో అది నిరంతరం తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడైనా రంధ్రం పడితేనే తగ్గుతుంది. ఈ ఒక్క విషయం తెలియక అనవసరపు మరమ్మతులకు డబ్బు వెచ్చించే కుటుంబాలున్నాయి. చల్లదనం చాలని ఫ్రిజ్‌లో ఉంచిన ఆహారం తిని అస్వస్థతకు గురి కావడం ఇంతకన్నా పెద్ద నష్టం.

చల్లదనం పుట్టే చోటు, ప్రయాణించే దారి

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని గ్రహించి బయటికి పంపుతుంది. కంప్రెసరు వాయువును ఒత్తిడికి గురి చేస్తుంది. వేడెక్కిన ఆ వాయువు కండెన్సరు గొట్టాలలో తన వేడిని గదిలోకి వదిలి ద్రవంగా మారుతుంది. సన్నని గొట్టం గుండా ఒత్తిడి తగ్గి, ఎవాపరేటరులో ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. కనుక గదిలోకి వేడి సరిగా పోకపోతే లోపల చల్లదనం ఏర్పడదు.

ఎవాపరేటరు నుండి చల్లదనం అరలకు చేరే విధానాన్ని బట్టి ఫ్రిజ్‌లు రెండు రకాలు. ఒకే తలుపు గల డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో పైనున్న ఫ్రీజర్ పెట్టె గోడలే ఎవాపరేటరు. చల్లని గాలి బరువెక్కి తనంతట తానే కిందికి దిగుతుంది. పైభాగం అతి చల్లగా, కూరగాయల పెట్టె కొంత వెచ్చగా ఉంటాయి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఎవాపరేటరు సాధారణంగా ఫ్రీజర్ వెనుక గోడలో దాగి ఉంటుంది. ఒక ఫ్యాను చల్లని గాలిని రంధ్రాల గుండా కింది అరలకు నెడుతుంది. గొట్టాలపై పేరుకొనే మంచును ఒక హీటరు నియమిత వ్యవధులలో కరిగిస్తుంది. ఈ రకంలో గాలి రంధ్రాల ముందు చల్లదనం అత్యధికం, తలుపు అరలలో అత్యల్పం.

అమరికల తారతమ్యాలు

ఒకే తలుపు: దాదాపు 200 లీటర్ల వరకు గల ఈ ఫ్రిజ్‌లు చిన్న కుటుంబాలకు అనువైనవి. ఫ్యాను, హీటరు ఉండవు కనుక విద్యుత్ వినియోగం, మరమ్మతులు తక్కువ. గాలి ఉరవడి లేనందున ఆకుకూరలు త్వరగా వాడిపోవు. ఫ్రీజర్‌లో పేరుకున్న మంచును మాత్రం మనమే కరిగించాలి. చేపలు, మాంసం దీర్ఘకాలం నిల్వ చేయడానికి ఇది అంతగా సరిపడదు.

పైన ఫ్రీజర్, రెండు తలుపులు: ఫ్రీజర్‌కు వేరు తలుపు ఉన్నందున అక్కడి చల్లదనం స్థిరంగా ఉంటుంది. కానీ రోజుకు పలుమార్లు తీసే కూరగాయల కొరకు ప్రతిసారీ వంగవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులు గల పెద్దవారికి ఇది ఇబ్బందికరం.

కింద ఫ్రీజర్: తరచుగా వాడే అరలు నిలబడిన ఎత్తులో ఉంటాయి. ఫ్రీజర్ వాడకం తక్కువగా ఉన్న శాకాహార కుటుంబాలకు ఈ అమరిక సౌకర్యవంతం. ధర సాధారణంగా కొంత ఎక్కువ.

పక్కపక్కన తలుపులు: ఇవి సామాన్యంగా 500 లీటర్లకు పైబడినవి. సామర్థ్యం ఎక్కువే అయినా ఒక్కొక్క అర వెడల్పు తక్కువ. మన వంటిళ్లలోని వెడల్పాటి దోసెపిండి గిన్నె, పాల తపేలా వీటిలో పట్టకపోవచ్చు. కొనే ముందు ఇంట్లోని పెద్ద గిన్నె వెడల్పు కొలుచుకొని వెళ్లడం మంచిది.

కొన్ని ఖరీదైన ఫ్రిజ్‌లలో ఫ్రీజర్‌కు, కింది అరలకు వేర్వేరు ఎవాపరేటర్లు ఉంటాయి. వీటిలో చేపల వాసన పాలకు అంటదు. కూరగాయల పెట్టెలో తేమ నిలుస్తుంది.

కొనుగోలుకు ముందు పరిశీలించవలసినవి

మొదటిది వాతావరణ తరగతి. ఫ్రిజ్‌పై అతికించిన పట్టికలో ఇది ముద్రించి ఉంటుంది. ‘ఎన్’ తరగతి 32 డిగ్రీల సెల్సియస్ వరకు, ‘ఎస్‌టి’ 38 డిగ్రీల వరకు, ‘టి’ 43 డిగ్రీల వరకు గల పరిసర ఉష్ణోగ్రతలకు ఉద్దేశించినవి. రామగుండం, రెంటచింతల వంటి ప్రాంతాలలో మే నెలలో 43 డిగ్రీలు దాటే రోజులు కొత్త కాదు. రేకుల ఇంటి వంటగదిలో వేడి ఇంకా ఎక్కువ. కనుక మన ప్రాంతానికి ‘టి’ తరగతి తప్పనిసరి. అటువంటి ఫ్రిజ్‌ను సైతం పొయ్యికి, ఎండపడే గోడకు దూరంగా, గాలి ఆడే చోట ఉంచాలి.

రెండవది నక్షత్రాల గుర్తు. ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో ప్రారంభించిన ఈ పథకం ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010 నుండి తప్పనిసరి అయింది. నక్షత్రాలను ఒకే రకం, ఒకే పరిమాణం గల ఫ్రిజ్‌ల మధ్య పోల్చడానికే వాడాలి. ఐదు నక్షత్రాల పెద్ద ఫ్రిజ్, మూడు నక్షత్రాల చిన్న ఫ్రిజ్ కన్నా ఎక్కువ విద్యుత్తు వాడవచ్చు. గుర్తుపై ముద్రించిన వార్షిక యూనిట్ల సంఖ్యను చూడడమే సరైన పద్ధతి.

మూడవది విద్యుత్ సరఫరా. వోల్టేజి తరచుగా పడిపోయే గ్రామాలలో, ఫ్రిజ్ తట్టుకోగల వోల్టేజి పరిధిని చూసి అవసరమైతే స్టెబిలైజరు అమర్చుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ లేకుండా ఫ్రిజ్ వాడరాదు. తలుపు ముట్టుకుంటే ‘జివ్వు’మంటే వెంటనే ప్లగ్గు తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఏది ఎక్కడ ఉంచాలి?

కింది అరలలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు మించకుండా, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల వద్ద ఉండాలి. థర్మోస్టాట్‌పై ఉన్న అంకెలు డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగిన కొద్దీ చల్లదనం పెరుగుతుంది. ఒక గ్లాసు నీటిలో థర్మామీటరు ఉంచి, మధ్య అరలో రాత్రంతా వదిలి, ఉదయం తలుపు తీసిన వెంటనే చూస్తే నిజమైన ఉష్ణోగ్రత తెలుస్తుంది.

పాలు, పెరుగు, వండిన పదార్థాలు తలుపు అరలలో కాక మధ్య అరలలో వెనుకవైపు ఉంచాలి. పచ్చి మాంసం, చేపలు మూతగల లోతైన పాత్రలో, వండిన పదార్థాలకు దిగువన ఉండాలి. డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ కిందనున్న ట్రేలో మాంసాన్ని సంచితో ఉంచితే, కారిన నీరు కింది గిన్నెలలో పడి రోగకారక క్రిములను వ్యాపింపజేస్తుంది. వండిన అన్నాన్ని, కూరలను వెడల్పాటి పాత్రలో చల్లార్చి రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. వేసవిలో ఈ గడువు ఒక గంట మాత్రమే. చల్లదనం క్రిముల పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే గాని వాటిని చంపదు. లిస్టీరియా వంటివి ఫ్రిజ్ ఉష్ణోగ్రతలో సైతం పెరగగలవు.

ఉద్యాన పంటల ఉత్పత్తులన్నీ చలికి ఒకే విధంగా స్పందించవు. తోటకూర, పాలకూర, కొత్తిమీర, క్యారెట్ సున్నా డిగ్రీలకు చేరువలో, అధిక తేమలో బాగా నిలుస్తాయి. ఉష్ణమండల పంటలకు అదే చలి హాని చేస్తుంది. 13 డిగ్రీలకన్నా తక్కువలో అరటి తొక్క నల్లబడుతుంది. పచ్చి మామిడి సరిగా పండదు. వంకాయపై గుంటలు పడి గింజలు నల్లబడతాయి. టమాటా రుచి కోల్పోతుంది. బంగాళదుంపలో పిండిపదార్థం చక్కెరగా మారి, వేయించినప్పుడు ముక్కలు నల్లబడతాయి. కనుక బంగాళదుంప, ఉల్లి, వెల్లుల్లి, పండని కాయలను ఫ్రిజ్ బయట గాలి తగిలే చోట ఉంచాలి. వంగ, బెండ, దోస కూరగాయల పెట్టెలో రెండు మూడు రోజులకు మించి ఉంచరాదు. ఉప్పు, నూనె తగినంత వేసిన ఆవకాయకు ఫ్రిజ్ అవసరమే లేదు.

సాధారణ లోపాలు, గుర్తించే విధానం

1. ఫ్రీజర్ చల్లగా, కింది అరలు వెచ్చగా ఉండడం: ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో ఇది సాధారణం. ముందు గాలి రంధ్రాలకు గిన్నెలు అడ్డుగా ఉన్నాయేమో చూడాలి. లేకపోతే ఆహారాన్ని వేరే చోటికి మార్చి, ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి 24 గంటలు వదలాలి. తిరిగి వేసినప్పుడు కొన్ని రోజులు బాగా పనిచేసి మళ్లీ వెచ్చబడితే, వెనుక గోడలో మంచు గడ్డకట్టి గాలి దారిని మూసివేస్తున్నదని అర్థం. లోపం డీఫ్రాస్ట్ హీటరు, దాని సెన్సరు లేదా టైమరులో ఉంటుంది; గ్యాస్‌లో కాదు.

2. కంప్రెసరు ఆగకుండా పనిచేయడం: తలుపు మధ్య ఒక కాగితం ఉంచి మూసి లాగాలి. కాగితం సులభంగా జారితే ఆ చోట రబ్బరు పట్టు లేదు. సబ్బునీటితో తుడిచినా పట్టు రాకపోతే రబ్బరు మార్చాలి. వెనుకనున్న కండెన్సరు గొట్టాలపై దుమ్ము, గోడకు మరీ దగ్గరగా ఉంచడం, వేడి పదార్థాలు పెట్టడం ఇతర కారణాలు.

3. డైరెక్ట్ కూల్ ఫ్రీజర్‌లో మందపాటి మంచు: 6 మిల్లీమీటర్లు దాటిన మంచు చల్లదనాన్ని అడ్డుకొంటుంది. డీఫ్రాస్ట్ మీట నొక్కి కరగనివ్వాలి. కత్తితో, స్క్రూడ్రైవరుతో గీకడం అత్యంత ప్రమాదకరం. పలుచని ఎవాపరేటరు గోడకు చిల్లు పడితే వాయువంతా పోతుంది. ఫ్రిజ్ పనికిరాకుండా పోవచ్చు.

4. కూరగాయల పెట్టె కింద నీరు: మంచు కరిగిన నీరు పోయే రంధ్రం ఆకుముక్కలతో మూసుకుపోవడమే సాధారణ కారణం. గోరువెచ్చని నీరు పోసి, మెత్తని సన్నని గొట్టంతో శుభ్రపరచాలి.

5. కొద్ది నిమిషాలకొకసారి ‘టక్’మన్న శబ్దంతో కంప్రెసరు ఆగిపోవడం: తక్కువ వోల్టేజి, రిలే లోపం లేదా కంప్రెసరు లోపం కావచ్చు. ముందు వోల్టేజి పరీక్షించాలి. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు కనీసం 5 నిమిషాలు ఆగి వేయడం మంచిది. గొట్టాలలో ఒత్తిడి సమం కాకముందే వేస్తే కంప్రెసరుపై భారం పడుతుంది.

6. కంప్రెసరు నడుస్తున్నా చల్లదనం లేకపోవడం: ఎవాపరేటరులో ఒక మూలన మాత్రమే మంచు పడుతుంటే వాయువు తగ్గిందని అనుమానించవచ్చు. కారుతున్న చోటును గుర్తించి మూసివేయకుండా వాయువు నింపడం వృథా. ప్రస్తుత ఫ్రిజ్‌లలో విరివిగా వాడే ఆర్-600ఎ వాయువు, అనగా ఐసోబ్యూటేన్, మండే స్వభావం గలది. శిక్షణ పొందిన మెకానిక్ మాత్రమే, గాలి ఆడే చోట ఈ పని చేయాలి.

పక్క గోడలు వేడెక్కడం, నీరు పారుతున్నట్లు శబ్దం, వానాకాలంలో తలుపు అంచున చెమ్మ లోపాలు కావు. అనేక ఫ్రిజ్‌లలో కండెన్సరు గొట్టాలు పక్క గోడలలోనే ఉంటాయి.

విద్యుత్ కోత సమయంలో

తలుపు తీయకుండా ఉంచితే కింది అరలలోని ఆహారం సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లోనిది 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు సురక్షితమని సాధారణ మార్గదర్శకాలు చెబుతాయి. మన వేసవిలో ఈ గడువులను తగ్గించి లెక్కించాలి. ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్నచోట నీటి సీసాలు గడ్డకట్టించి ఉంచితే చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. ఊరికి వెళ్లేటప్పుడు గడ్డకట్టిన గ్లాసు నీటిపై ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి. తిరిగి వచ్చేసరికి నాణెం అడుగున ఉంటే, మధ్యలో మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందని తెలుస్తుంది. అప్పుడు మాంసం, చేపలు పారవేయడమే మేలు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

గ్రామాలలో పశువుల, కోళ్ల టీకాలను ఇంటి ఫ్రిజ్‌లో ఉంచే సందర్భాలు ఎదురవుతాయి. వీటిని 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గాలికుంటు టీకా ఒకసారి గడ్డకడితే పనికిరాదు; పైకి తేడా కనిపించకపోయినా పశువుకు రక్షణ లభించదు. కనుక టీకాలను ఫ్రీజర్ కింది ట్రేలో గాని, గాలి రంధ్రాల ముందు గాని, తలుపు అరలో గాని ఉంచరాదు. తప్పనిసరైతే తాత్కాలికంగా, మూతపెట్టెలో, థర్మామీటరుతో సహా మధ్య అరలో ఉంచి, వీలైనంత త్వరగా పశువైద్యశాల శీతల నిల్వకు చేర్చాలి. పురుగుమందులను ఆహారం ఉంచే ఫ్రిజ్‌లో ఎట్టి పరిస్థితిలోనూ ఉంచరాదు.

మహిళా సంఘాల సమావేశాలలో ఉపన్యాసంకన్నా ప్రదర్శన ఫలవంతం. ఒకే ఫ్రిజ్‌లో పై అర, కూరగాయల పెట్టె, తలుపు అర అన్న మూడు చోట్ల నీటి గ్లాసులలో థర్మామీటర్లు ఉంచి, మరునాడు అంకెలను మహిళలచేతనే చదివించాలి. పాలప్యాకెట్టు తలుపులో ఎందుకు త్వరగా పులుస్తున్నదో అప్పుడు వారికే బోధపడుతుంది.

ముగింపు

ఫ్రిజ్ ఎంపికలో ధర, లీటర్లకన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు మూడు: ఆ కుటుంబం ఏమి నిల్వ చేస్తుంది? దేనిని ఎక్కువసార్లు తీస్తుంది? ఆ ఇంట వేసవి వేడి ఎంత? లోపం వచ్చినప్పుడు చల్లదనం ఎక్కడ ఆగిందో, వేడి ఎక్కడ నిలిచిందో చూడాలి. ఒక థర్మామీటరు, ఒక కాగితం ముక్క, ఒక రోజు ఓపికతో అనేక లోపాల మూలాన్ని ఇంటివారే ఊహించగలరు. ఆ పరిజ్ఞానాన్ని గృహిణులకు అందించగలిగితే ఆహార వృథా, విద్యుత్ ఖర్చు తగ్గడమే గాక, కుటుంబ ఆరోగ్యానికి రక్షణ లభిస్తుంది.