వార్తల్లో పదం: టెస్ట్ బెంచ్

కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చిన ప్రతిసారీ సమీక్షల్లో కనిపించే మాట ఇది. ప్రాసెసర్, ర్యామ్, విండోస్ వెర్షన్, గేమ్ సెట్టింగులు ఏవీ మార్చకుండా, కార్డును మాత్రమే మారుస్తూ కొలిచే కంప్యూటరే టెస్ట్ బెంచ్. అందులో సాధారణంగా అత్యంత వేగవంతమైన ప్రాసెసర్‌నే పెడతారు. ప్రతి ఫ్రేముకూ కార్డుకు పని అందించేది అదే. అది వెనకబడితే కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంది. అప్పుడు ఖరీదైన కార్డుకూ చవక కార్డుకూ ఇంచుమించు ఒకే స్కోరు వస్తుంది.

అయితే ఈ పద్ధతిలోనూ ఒక లోటుందని ఇంటెల్ ఆర్క్ బి580 బయటపెట్టింది. 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చిన ఈ కార్డుకు మేటి ప్రాసెసర్లపై మంచి మార్కులే పడ్డాయి. 2025 జనవరిలో సమీక్షకులు దాన్ని రైజెన్ 5 2600 వంటి పాత ప్రాసెసర్లతో నడిపి చూస్తే కొన్ని గేముల్లో వేగం బాగా పడిపోయింది. కార్డు డ్రైవర్ ప్రాసెసర్‌పై ఎక్కువ భారం మోపడమే కారణం. చవక కార్డు కొనేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఉండేది అలాంటి పాత ప్రాసెసరే! అందుకే బడ్జెట్ కార్డులకు పాత ప్రాసెసర్‌తో రెండో బెంచ్ కూడా ఉండితీరాలి. ఏ బెంచ్ మీదైనా కార్డు వేడెక్కాకే కొలవాలి, ఒకే సన్నివేశాన్ని పలుమార్లు నడపాలి, సగటు ఫ్రేములతోపాటు ఆట తడబడిన క్షణాల అంకెలూ ఇవ్వాలి.