అలసట తీర్చే నిప్పు



శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో సాయంత్రం పూట ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. ఎండలో ఊళ్లు తిరిగి చేపలమ్మి వచ్చిన తల్లి తట్ట దించి అరుగు మీద కూర్చుంటుంది. రొంటిన దోపుకున్న చుట్ట తీసి వెలిగిస్తుంది. రెండు దమ్ములు లాగాక చుట్టను తిప్పి, మండే కొసను నోట్లో పెట్టుకొని పెదవులు మూస్తుంది. దీన్నే అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, పెద్దల కంట పడదు. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్న అలవాటు ఇది.

ఆ తల్లిని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు వచ్చి చాప పరిచేది కూడా ఆమే. ఆమె మీద ప్రేమ ఉంది గనుకనే రాస్తున్నాము.

నొప్పి లేని పుండు

చుట్టలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. అందువల్లే ఒక్క దమ్ముకే ప్రాణం లేచివచ్చినట్లు ఉంటుంది. అదే సమయంలో నిప్పు వేడి, పొగాకు విషం రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. మొదట అంగిలి తెల్లబారుతుంది, ఎర్రటి చుక్కలు కనబడతాయి. తరువాత మచ్చలు, పుండ్లు వస్తాయి. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం సామాన్యంగా అరుదు. అడ్డపొగ ఉన్న చోట మాత్రం అరుదు కాదు. మన ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే వైద్య పత్రికలో వచ్చింది. అంటే ఈ ప్రమాదం వైద్యులకు యాభై ఏళ్లకు పైగా తెలుసు. అరుగు మీద కూర్చున్న తల్లికే ఇంకా సరిగ్గా చేరలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటే: "నొప్పేటీ నేదు డాక్టరమ్మా." అసలు ప్రమాదం అక్కడే ఉంది. మొదటి దశలో చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి మొదలయ్యేసరికి జబ్బు ముదిరిపోతుంది. అప్పుడు అంగిలిలో భాగాన్ని తీసేయవలసి వస్తుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట మారిపోతుంది, ఆ రంధ్రాన్ని మూసే పలక పెట్టుకుంటే తప్ప అన్నం తినలేరు.

ఏశావు అమ్ముకున్నది

ఆదికాండము 25వ అధ్యాయంలో ఏశావు పొలం నుండి అలసి వచ్చాడు. ఆకలి నిజం, అలసట నిజం. పొయ్యి మీద ఉడుకుతున్న ఎర్రటి వంటకం మంచి వాసన కూడా వేసి ఉంటుంది. అతని తప్పు ఆకలి వేయడం కాదు. ఆ ఒక్క పూట ఆకలికి తన జ్యేష్ఠత్వాన్ని వెలగా ఇచ్చేశాడు. తిన్నాడు, తాగాడు, లేచి వెళ్లిపోయాడు. ఏమి పోగొట్టుకున్నాడో ఆ పూట అతనికి నొప్పి తెలియలేదు. ఆ తరువాత ఏడ్చాడు.

పాపంలో సుఖమే లేదని బైబిలు అబద్ధం చెప్పదు. ఉందని ఒప్పుకుంటుంది, అది కొద్దికాలమే ఉంటుందని చెబుతుంది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయంలో మోషే ఎంచుకున్న మార్గం గురించి చదవండి. ఫరో ఇంట సౌఖ్యం ఎంతకాలం నిలుస్తుందో లెక్క చూసుకొని అతడు దాన్ని వదిలాడు.

మన చుట్టకూ ఆ లెక్కే వేసి చూద్దాం. మొదట్లో సంతోషం కోసం తాగుతాము. కొంతకాలానికి సంతోషం పోతుంది, తాగకపోతే వచ్చే చిరాకు మిగులుతుంది. అప్పుడు తాగేది సుఖానికి కాదు, చిరాకు తీరడానికి. సారా, గుట్కా, ఫోనులో ఆడే పందాలు, అన్నీ ఈ దారినే నడిపిస్తాయి. సేవకుడిగా ఇంట్లోకి వచ్చి యజమానిగా కూర్చుంటాయి. ఏదీ తనను లోబరచుకోకూడదని పౌలు కొరింథీయులకు రాసింది ఇందుకే.

ఇప్పుడు ఏమి చేయాలి?

పగటి వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి, తల వెనక్కి వంచి అంగిలి చూసుకోండి. కనబడకపోతే ఇంట్లో పిల్లల చేత చూపించుకోండి. తెల్లటి లేక ఎర్రటి మచ్చ, గడ్డ, రెండు వారాలకూ మానని పుండు ఉంటే నొప్పి లేకపోయినా ఆస్పత్రికి రండి. ఏమీ కనబడకపోయినా చుట్ట అలవాటు ఉన్నవారు ఒకసారి వైద్యునికి చూపించుకోవడం మంచిది.

మానాలనుకున్న రోజున ఇంట్లో ఉన్న చుట్టలు, పొగాకు తీసి పారేయండి. మొదటి వారం కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉండవచ్చు. కొన్ని వారాల్లో అవి తగ్గుతాయి. తాగాలనే కోరిక ఒక్కసారి వస్తే కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు నీళ్లు తాగండి, సోంపు నమలండి, పక్కింటి వారితో మాట్లాడండి, ప్రార్థించండి. చుట్టకు బదులు ఖైనీ, గుట్కా మాత్రం పట్టవద్దు, అవీ నోటి క్యాన్సర్ తెచ్చేవే. అవసరమైతే వైద్యులు మందు ఇస్తారు. ప్రభుత్వ ఉచిత ఫోను 1800-11-2356కు చేసినా సలహా చెబుతారు. మానేసిన వారిలో చాలామందికి అంగిలి మచ్చలు తగ్గుతాయి, క్యాన్సర్ భయం ఏటేటా తగ్గుతుంది. ఎన్నేళ్లు తాగినా మానడానికి ఆలస్యం కాలేదు.

ఇంటివారికి ఒక మాట. అమ్మ చుట్ట లాక్కొని తిడితే ఆమె చాటుగా తాగుతుంది. ఆమె వెతుక్కున్నది కాస్త విశ్రాంతి. తట్ట దించగానే ఒక చెంబెడు నీళ్లు, ఒక వేడి టీ, పక్కన కూర్చునే ఒక మనిషి ఉంటే మొదటి వారం దాటడం ఆమెకు సులువవుతుంది. ప్రయాసపడి భారం మోసేవారికి విశ్రాంతి ఇస్తానన్న ప్రభువు ఆ పనిని చాలాసార్లు మన చేతులతోనే చేయిస్తాడు.

ఈ సాయంత్రం అరుగు మీద ఆమె పక్కన కూర్చోండి. ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.