వైద్యశాలలో ఫార్మసిస్టు

మందుల పొట్లము కట్టి యిచ్చువాడే ఫార్మసిస్టని మన జహీరాబాదులో పలువురు తలంతురు. మేమును అట్లే తలంచితిమి. కాని వైద్యశాలయందు ఆయన బాధ్యత యంతకంటె గొప్పది.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమందు డగ్గరుగారు కనుగొనిన ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఇట్టి ఆంటిబయాటిక్కులు ఎందఱి ప్రాణములనో నిలిపినవి. అయినను, చాలని మోతాదు క్రిములకు మందును తట్టుకొను శక్తి నొసగునని పెనిసిలినును కనుగొనిన ఫ్లెమింగుగారు 1945లోనే హెచ్చరించిరి. అనవసరముగ వాడినను కీడే. లొంగెడి క్రిములు నశించి, లొంగనివి మిగిలి వృద్ధినొందును. అప్పుడు చిన్న గాయమును ప్రాణాంతకము కావచ్చును.

కావున ఫార్మసిస్టు రోగి చీటిని శ్రద్ధతో పరిశీలించును. ఇది వైరసు జ్వరమా? అయినచో ఆంటిబయాటిక్కు పనిచేయదు. రోగికి పెనిసిలిను పడునా? మూత్రపిండములు బలహీనమైనచో మోతాదు తగ్గింపవలెనా? రక్తపరీక్షలో క్రిమి తెలిసిన పిదప, పెక్కు క్రిములను చంపు మందునకు మాఱుగా దానికి తగినదే చాలునా? సూదిమందు మాని మాత్ర ఇయ్యవచ్చునా? ఎన్నడు ఆపవలెను? సందేహము కలిగిన వైద్యునకు తెలుపును. తుది నిర్ణయము వైద్యునిదే.

ఇందులకు తగిన ఫార్మ్.డి. విద్య మన దేశమున 2008లో ఆరంభమయ్యెను. 2013లో ప్రకటితమైన హెచ్1 పట్టికలోని మందులను అమ్మినవారు ఆ వివరములను ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలెను.

విద్యార్థులారా! జలుబు చేసినంతనే మీ యింట ఎవరైన చీటి లేక ఆంటిబయాటిక్కు కొనబోయిన, వినయముతో వారింపుడు. మిగిలిన మాత్రలు ఇరుగుపొరుగువారి కీయవలదని చెప్పుడు. మందు శక్తిని కాపాడుట మనయందఱి పని.