ఐఆర్‌ఏ నుంచి విరాళమా? డబ్బు మీ చేతికి రాకూడదు

అమెరికాలో రిటైరైన తెలుగువారిలో చాలామంది గుడికో, అన్నదానానికో ఏటా విరాళం ఇస్తుంటారు. ఆ డబ్బును ఐఆర్‌ఏ ఖాతా నుంచి తీసి, తమ బ్యాంకు ఖాతాలో వేసుకుని చెక్కు రాస్తే ఆ మొత్తం ఆదాయంలో కలుస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి విరాళం వల్ల పన్నులో పెద్దగా కలిసిరాదు. దీనికి మార్గమే క్యూసీడీ.

ఎవరికి?
విరాళం పంపే నాటికి 70 ఏళ్ల 6 నెలలు నిండాలి. 2025 సంవత్సరానికి ఒక్కొక్కరి పరిమితి 1,08,000 డాలర్లు. 401(కె) నుంచి నేరుగా కుదరదు. ముందు ఐఆర్‌ఏలోకి మార్చుకోవాలి.

లాభమేంటి?
ఈ మొత్తం పన్ను ఆదాయంలోకి రాదు. 73 ఏళ్లు వచ్చాక ఏటా తప్పనిసరిగా తీయాల్సిన ఆర్‌ఎండీలో మాత్రం లెక్కకొస్తుంది. ఆదాయం పెరగదు కాబట్టి మెడికేర్ ప్రీమియం భారమూ తగ్గొచ్చు.

ఎలా పంపాలి?
ఐఆర్‌ఏ నిర్వహించే సంస్థనే సేవాసంస్థ పేరిట చెక్కు ఇవ్వమని అడగాలి. డిసెంబరు 31లోగా పూర్తవ్వాలి. రసీదు తప్పనిసరి. బదులుగా విందు టికెట్ల వంటివి తీసుకోకూడదు.

ఇవి చెల్లవు
ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉన్న సంస్థలకే ఈ వెసులుబాటు. స్వగ్రామంలోని బడికో, ట్రస్టుకో నేరుగా పంపితే వర్తించదు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్లకూ అంతే.

రిటర్ను వేసేటప్పుడు ఇది క్యూసీడీ అని అకౌంటెంట్‌కు చెప్పడం మరవొద్దు. లేదంటే మొత్తానికీ పన్ను పడే ప్రమాదం ఉంది.