ఎండకు గాదె కట్టాలి

రాజస్థాన్‌లోని ఫలోదీ దగ్గర భడ్లాలో దాదాపు 14 వేల ఎకరాల ఇసుక నేల నిండా సోలార్ ప్యానెళ్లే. సామర్థ్యం 2,245 మెగావాట్లు. 2017 మేలో ఈ పార్కు కోసం జరిగిన వేలంలోనే సౌర విద్యుత్తు యూనిట్ రూ.2.44కు దిగింది. కడగడానికి నీళ్లు దొరకని చోటు కాబట్టి ప్యానెళ్ల మీది దుమ్మును యంత్రాలే పొడి బ్రష్షులతో తుడుస్తాయి. ఎండ మండేకొద్దీ కరెంటు పెరుగుతుందనుకుంటాం. నిజానికి ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది.

థార్ ఎడారికి అదేమంత లోటు కాదు. మిట్టమధ్యాహ్నం అక్కడ కరెంటు విరగపండుతుంది. దీపాలు పెట్టే వేళకు మాత్రం, ఇంటింటా ఫ్యాన్లూ ఏసీలూ తిరిగే వేళకు, చేను ఖాళీ. 2025లో లైన్లు చాలక, పండిన కరెంటులో కొంత మాకొద్దని గ్రిడ్ నిర్వాహకులు ప్లాంట్లకు చెప్పాల్సి వచ్చింది. గాదె లేక కళ్లంలోనే ధాన్యం తడిసిపోయిన రైతు బాధ తెలిసినవాళ్లకు ఈ నష్టం ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

గాదె లేకపోలేదు. 20 అడుగుల కంటైనర్‌లో ఇప్పుడు 5 వేల యూనిట్ల దాకా దాచే బ్యాటరీలు వస్తున్నాయి. లిథియం, ఇనుము, ఫాస్ఫేట్‌లతో చేసినవి; కోబాల్ట్ అక్కర్లేదు. 100 యూనిట్లు పోస్తే సుమారు 85 తిరిగొస్తాయి. వేడి తగిలితే త్వరగా ముసలివైపోతాయి కాబట్టి ఎడారిలో వాటిని చల్లబరచడానికే కొంత కరెంటు పోతుంది. కొత్త సోలార్ టెండర్లలో సామర్థ్యంలో కనీసం 10 శాతానికి రెండు గంటల నిల్వ ఉండాలని 2025 ఫిబ్రవరిలో కేంద్రం సూచించింది. లెక్క వేసి చూద్దాం. 1,000 మెగావాట్ల ప్లాంటుకు అది 2 లక్షల యూనిట్లు, అంటే 40 కంటైనర్లు. అదే ప్లాంటు మంచి ఎండ రోజున 50, 60 లక్షల యూనిట్లు ఇస్తుంది. పుట్లకొద్దీ పండించి గుప్పెడు దాచుకున్నట్టు!

నిల్వ పెరగాలని నేను గట్టిగా కోరుకోవడానికి ఇంకో కారణం ఉంది, బట్టమేక పిట్ట. మన రోళ్లపాడులో దాని కోసమే 1988లో అభయారణ్యం పెట్టుకున్నాం. ఇప్పుడక్కడ అది కనబడటమే గగనం. దేశంలో స్వేచ్ఛగా తిరిగేవి సుమారు 150 మాత్రమే, వాటిలో ఎక్కువ భాగం థార్‌లోనే. కళ్లు పక్కలకు ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగ దానికి ఆనదు. ఆనినా, ఆ బరువైన ఒంటితో చటుక్కున పక్కకు తిరగలేక తీగకు గుద్దుకుంటుంది. దాని ఆవాసాల్లో లైన్లను భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నిచోట్లా అది సాధ్యం కాదని 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల కమిటీ వేసింది.

సోలార్ లైను మధ్యాహ్నపు పోటును మోయడానికి వేసింది. పొద్దుగుంకితే ఖాళీగా వేలాడుతుంది. ప్యానెళ్ల పక్కనే బ్యాటరీలుంటే మధ్యాహ్నపు మిగులు అదే తీగ మీద సాయంత్రం వెళ్తుంది. కొత్త టవర్లు అన్ని అవసరం పడవు.

టవర్లతో పాటు నేల సంగతీ ఉంది. మనం దసరాకు మొక్కే జమ్మి చెట్టే అక్కడి ఖేజ్రీ. 1730లో ఖేజడ్లీ గ్రామంలో ఆ చెట్లను కౌగిలించుకుని 363 మంది బిష్ణోయ్‌లు ప్రాణాలిచ్చారు. ఇప్పుడు సోలార్ పార్కుల కోసం వాటినే నరుకుతున్నారని బికనీర్‌లో ధర్నాలు చేశారు. కరెంటు కోసమే అయినా ఆ గొడ్డలి నాకు సమ్మతం కాదు.

జైసల్మేర్ జిల్లా సమ్, రామ్‌దేవ్‌రా కేంద్రాల్లో బట్టమేక గుడ్లను యంత్రాల్లో పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. రేపు వాటిని వదలాల్సింది ఈ తీగల మధ్యకే.