కణానికి ‘రైట్ రైట్’ చెప్పేదెవరు?

హైదరాబాద్‌లోని తార్నాక చౌరస్తాలో ఆగిన సిటీబస్సు ఎప్పుడు కదులుతుంది? కండక్టర్ ‘రైట్ రైట్’ అన్నాక. మన కణమూ అంతే. ఒకటి రెండు కావాలంటే దానికీ ఒక మాట అందాలి.

ఆ మాట వినేవాటిలో ముఖ్యమైనవి రిసెప్టర్ టైరోసిన్ కైనేజులు. మనిషిలో ఇవి 58 రకాలు. ఈ ప్రోటీన్ తల కణం పొర బయట, తోక లోపల ఉంటుంది. పెరగమనే సంకేతం తలకు అందగానే సాధారణంగా రెండు రిసెప్టర్లు జతకడతాయి. ఒకదాని తోకలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి మరొకటి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ కబురు చేతులు మారుతూ కేంద్రకం దాకా వెళ్తుంది.

మరి ఆగమని ‘హోల్డాన్’ అనేదెవరు? టైరోసిన్ ఫాస్ఫటేజులు. అవి ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తాయి. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ఘనశ్యాం స్వరూప్ ఏళ్ల తరబడి వీటిని శోధించారు. నడిపేవాటిని తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, ఆపేవాటిని తెలుసుకోవడమూ అంతే ముఖ్యమని నా నమ్మకం.

జన్యువు దెబ్బతింటే కొన్ని రిసెప్టర్లు సంకేతం రాకున్నా ‘రైట్ రైట్’ అంటూనే ఉంటాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో హెర్2 రిసెప్టర్లు లెక్కకు మించి పుట్టి కణాలను ఆగనివ్వవు.

కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ ఇలాంటి కొన్ని కైనేజులను అడ్డుకుంటుంది. దాన్ని తయారుచేసేందుకు 2012లో హైదరాబాద్‌లోని నాట్కో సంస్థకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా ప్రభుత్వం ఇచ్చే అనుమతి, దక్కింది. నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలున్న మందు 8,880 రూపాయలకు దిగింది.