తొందరలో పెట్టే సంతకం: తీరిక రోజున రాసుకున్న నియమమే కాపలా

ప్రాజెక్టు అయిపోయిందని క్లయింట్ చెప్పిన రోజు నుంచి మన ఆలోచన తీరే మారిపోతుంది. మామూలు రోజుల్లో వంద డాలర్ల వస్తువుకి నాలుగు సైట్లు వెతికే మనిషి, కన్సల్టెన్సీ వాళ్లు "సాయంత్రంలోగా సంతకం పెట్టి పంపండి" అనగానే కాగితం చదవకుండానే పంపేస్తాడు. తర్వాత ఇంట్లోవాళ్లు "అంత చదువుకుని ఎలా పెట్టావురా?" అంటారు. దీనికీ చదువుకీ సంబంధం తక్కువ. మనుషులు నిజజీవితంలో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో గమనించే బిహేవియరల్ సైన్స్ చెప్పేది అదే.

చెరకు రైతుల దగ్గర ఏం తేలింది?

తమిళనాడులో 464 మంది చెరకు రైతులతో చేసిన పరిశోధన 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చెరకు డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. కోతకు ముందు చేయి ఆడదు, కోత తర్వాత కాస్త ఊపిరి ఆడుతుంది. అదే రైతుకి కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బుద్ధికి పదును పెట్టే పరీక్షలు ఇచ్చారు. కోతకు ముందు ఫలితాలు తగ్గాయి. మనిషి అదే, తెలివి అదే. డబ్బు చింత బుర్రలో చోటంతా ఆక్రమించేసింది. ఈ పరిశోధకుల్లో ఇద్దరు, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, అదే ఏడాది రాసిన పుస్తకంలో టైమ్ కొరత కూడా ఇలాగే చేస్తుందని వివరించారు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఈ రెండు కొరతలూ ఒకేసారి వస్తాయి. ఉద్యోగం పోతే ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే అప్పటివరకే. 2017 జనవరి నుంచి ఇదే నియమం. ఇక్కడ అద్దె, అక్కడ ఇంటి లోను, పైన రోజుల లెక్క. అలాంటప్పుడు కళ్లముందున్న ఆఫర్ తప్ప మరేదీ కనిపించదు. అందులో రాసి ఉన్న జరిమానా క్లాజు అసలే కనిపించదు.

"అందరూ వెళ్తున్నారు" అన్న మాట

భయంలో ఉన్న మనిషి పక్కవాళ్లను చూసి నడుస్తాడు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి గుర్తుందా? అది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన ఉత్తుత్తి సంస్థ అని 2019 జనవరిలో బయటపడింది. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. అయినా దాదాపు 600 మంది చేరారు, వాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే. ఎంతోమందికి ఆ దారి తెలిసినవాళ్ల ద్వారానే తెలిసింది. మనవాడు చెప్పాడంటే ఇక విచారించేదేముందిలే అనిపిస్తుంది. కానీ పదిమంది వెళ్లినంత మాత్రాన దారి సరైనదైపోదు. ఆ పదిమందీ ఒకరిని చూసి ఒకరు వెళ్లినవాళ్లే కావచ్చు.

తీరిక రోజుల్లో చేసుకోవాల్సినవి

గాభరాలో మనసుని అదుపు చేయడం కష్టం. అందుకే జీతం వస్తున్న రోజుల్లోనే ఈ నాలుగూ చేసుకోండి.

1. "ఇలా అయితే ఇలా చేస్తాను" అని రాసుకోండి. "ఎవరైనా ఇవాళే సంతకం పెట్టమంటే, 24 గంటలు అడుగుతాను." "ఫోన్‌లో ఎవరైనా బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనమంటే, పెట్టేస్తాను." ఏ సందర్భంలో ఏం చేయాలో ఇలా ముందే జత కలిపి రాసుకున్నవాళ్లు, ఊరికే "జాగ్రత్తగా ఉంటాను" అనుకున్నవాళ్లకన్నా ఎక్కువసార్లు మాట నిలబెట్టుకుంటారని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి.

2. పొదుపుని మనసుకి వదిలేయకండి. జీతం పెరిగినప్పుడల్లా పొదుపూ దానంతటదే పెరిగే పద్ధతిని రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జి 1998లో ఒక అమెరికన్ కంపెనీలో పెట్టారు. 40 నెలల్లో ఆ పద్ధతిలో చేరినవాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. మీరూ రేటు పెరిగిన నెల నుంచే కొంత విడి ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే "ఆలోచించి చెప్తాను" అనే ధైర్యం దానంతటదే వస్తుంది.

3. చట్టం చెప్పే రెండు మాటలు ఫోన్‌లో రాసి ఉంచుకోండి. ప్రాజెక్టు లేదని కంపెనీ మిమ్మల్ని బెంచ్ మీద కూర్చోబెడితే హెచ్-1బీ జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంతో 12 నెలల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. బెంచ్ వేరు, ఉద్యోగం పోవడం వేరు. 60 రోజుల లెక్క మొదలయ్యేది ఉద్యోగం పోయాకే.

4. ఈ గాభరాలో లేని ఒక మనిషిని ముందే ఎంచుకోండి. ఏ కాగితమైనా అతను చదివాకే సంతకం. ఇమిగ్రేషన్ విషయమైతే లాయర్‌కే చూపించండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

రోజూ ఫోన్ చేసి "ఇంకా దొరకలేదా?" అని అడిగితే ఆ బుర్రలో మిగిలిన కాస్త చోటూ పోతుంది. దాని బదులు "ఈ నెల ఇక్కడి లోను మేం చూసుకుంటాం, నువ్వు కాగితాలు నిదానంగా చదువు" అనండి. ఒక్క నెల వాయిదా బరువు దించినా, పిల్లాడు తొందరపడి రెండేళ్ల బాండుకి సంతకం పెట్టకుండా ఆగొచ్చు.